మాస్టర్ ఎప్పుడు తీయాలి

విండోస్ 98 వేయడానికి ఒక పూట పట్టేది. నిజానికి విండోస్ ఎక్కడానికి గంట చాలు. బూటబుల్ ఫ్లాపీ పెట్టి, ఎఫ్‌డిస్క్‌లో పార్టిషన్లు చేసి, సి డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టి, సీడీ తోసి సెటప్ నడిపిస్తే, ఇంకా ఇన్ని నిమిషాలు అని ఎడమ పక్కన చూపిస్తూ దాని మానాన అది పోయేది. మన పని ఆ తర్వాత మొదలయ్యేది. చిప్‌సెట్ డ్రైవర్, రీస్టార్ట్. డిస్‌ప్లే డ్రైవర్, రీస్టార్ట్. సౌండ్, రీస్టార్ట్. మోడెమ్ డ్రైవర్ సీడీని కస్టమర్ ఎప్పుడో పోగొట్టి ఉంటాడు కాబట్టి కేబినెట్ విప్పి, కార్డు మీది చిప్ పేరు టార్చిలైటు వేసి చదివి, మన సీడీల దొంతరలో దానికి సరిపోయేది వెతకాలి. ఆపైన ఆఫీసు, యాంటీవైరస్, విన్‌జిప్, విన్‌యాంప్, అక్రోబాట్ రీడర్. డీటీపీ వాళ్లదైతే పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు. చివర్న ప్రింటర్. ఇంతా చేసి టెస్ట్ పేజీ తీసి చేతిలో పెడితే, కొన్నాళ్లకే అదే సిస్టం మళ్లీ మా టేబుల్ ఎక్కేది. “అన్నా, మళ్లీ స్లో అయింది.”

అప్పుడు నేను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఒక అసెంబ్లింగ్ షాపులో పనిచేసేవాణ్ని. చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరు చెబితే మా లైన్‌లో తెలియనివాళ్లు లేరు. మదర్‌బోర్డు మొదలు మౌస్ లోపలి రబ్బరు బాల్ దాకా ఆ చుట్టుపక్కలే దొరికేవి. విజిటింగ్ కార్డులో నా హోదా సర్వీస్ ఇంజినీర్, జేబులో ఉండేది స్క్రూడ్రైవర్. తర్వాత హనుమకొండలో సొంత దుకాణం పెట్టుకున్నాను. ప్రాసెసర్ల చరిత్ర, ఇంటర్నెట్ చరిత్ర రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. బాగా కుదిరిన సిస్టంను కుదిరినట్టే కాపీ తీసి దాచుకుని, పాడైనప్పుడు మళ్లీ దించే మా పని గురించి మాత్రం ఎవరూ రాసినట్టు లేరు. కాపీ తీయడం ఎవరైనా నేర్చుకుంటారు. ఏ క్షణాన తీయాలి, ఆ క్షణాన్ని ఎవరు నిర్ణయించాలి అనే దాని మీదే ఈ ముప్పై ఏళ్లుగా లాగులాట.

డిస్కును ఉన్నదున్నట్టు కాపీ కొట్టడం యూనిక్స్ వాళ్లకు 1970ల నుంచే తెలుసు. వాళ్ల డీడీ కమాండ్ మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా కళ్లు మూసుకుని కాపీ చేసేది. మా పీసీల్లో అలాంటిదేమీ ఉండేది కాదు. విండోస్ 95 రోజుల్లో మా సీనియర్ అన్న రెండో హార్డ్ డిస్కు తగిలించి, విండోస్ లోపలి డాస్ కిటికీలోంచి ఎక్స్‌కాపీ నడిపి, తర్వాత సిస్ కమాండ్‌తో దాన్ని బూటయ్యేలా చేసేవాడు. అదే పని ఉత్త డాస్‌లోకి వెళ్లి చేస్తే పొడుగు పేర్లు తెగిపోయేవి. ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరు ఆరక్షరాలు, ఒక అలల గీత, ఒకటి అంకెగా మిగిలేది. అలాంటి కాపీలో విండోస్ లేచేది గానీ, లేచాక ఏ ప్రోగ్రామూ తన ఇల్లు తాను కనుక్కోలేకపోయేది.

ఆ కష్టం తీర్చింది న్యూజిలాండ్. ఆక్లండ్‌లోని బైనరీ రీసెర్చ్ అనే చిన్న కంపెనీ కోసం ముర్రే హాజర్డ్ అనే ప్రోగ్రామర్ 1995లో ఘోస్ట్ రాశాడు. మొదట్లో అది డిస్కును మొత్తంగానే తీసేది. 1997 వెర్షన్‌తో ఒక్క పార్టిషన్‌ను విడిగా తీసే వీలు వచ్చింది. మా బతుకు మార్చింది ఆ వీలే. 1998లో సిమాంటెక్ దాన్ని కొనేసి నార్టన్ పేరు తగిలించింది. ఫైల్ సిస్టంను అర్థం చేసుకుని డేటా ఉన్న చోటునే కాపీ చేయడం దాని తెలివి. పది జీబీ డ్రైవ్‌లో ఒక జీబీ వాడి ఉంటే ఆ ఒక్క జీబీనే తీసుకునేది, అదీ కుదించి. ప్రోగ్రామ్ ఎంత చిన్నదంటే బూట్ ఫైళ్లతో కలిపి ఒకే ఫ్లాపీలో పట్టేది. 1.44 ఎంబీ ఫ్లాపీ ఒకటి చొక్కా జేబులో ఉంటే చాలు, ఊరు మొత్తం తిరగొచ్చు. లోకల్, పార్టిషన్, టు ఇమేజ్. కుదించాలా అని అడుగుతుంది: నో, ఫాస్ట్, హై. ఫాస్ట్ కొట్టి టీకి పోయి వచ్చేసరికి పని అయ్యేది. తిరిగి దించడం అంతకన్నా త్వరగా.

ఒక పూట పని పావుగంటకు దిగింది. ఇక్కడే మా వ్యాపారానికి ఒక వింత కష్టం వచ్చింది. పూటంతా చెమటోడిస్తే డబ్బు ఇచ్చే కస్టమరు, పావుగంటలో సిస్టం లేచి కూర్చుంటే జేబులో చెయ్యి పెట్టడానికి వెనకాడేవాడు. “ఏం చేశావని అంత అడుగుతున్నావ్ తమ్మీ, ఒక ఫ్లాపీ పెట్టి బటన్ నొక్కావు కదా?” అందుకే కొందరు ఇమేజ్ దగ్గరుండి కూడా మొదటి నుంచీ ఫార్మాట్ కొట్టేవారు. ఇంకొందరు సిస్టంను షాపుకు పట్టుకెళ్లి సాయంత్రానికి ఇచ్చేవారు, మధ్యలో అది ఒక మూల ఊరికే కూర్చునేది. మా సీనియర్ అన్న ఇంటికెళ్లి చేసేటప్పుడు మానిటర్‌ను తన వైపు తిప్పుకునేవాడు. నేనూ ఆ బడిలోనే చదివాను.

అన్న దగ్గర నేర్చుకున్న అసలు విద్య వేరే ఉంది. బటన్ నొక్కడానికి ముందు సిస్టం ఏ స్థితిలో ఉండాలి అన్నది. అలా సిద్ధం చేసినదాన్ని మేం మాస్టర్ అనేవాళ్లం. మంచి పెరుగులోంచి తోడుకు ముందే కాస్త తీసి పెట్టుకున్నట్టు అది: పులిశాక తీస్తే రేపటి పెరుగూ పులుపే. డ్రైవర్లన్నీ వేయాలి. అందరూ వాడేవి వేయాలి. విండోస్ 98కి పెన్ డ్రైవ్ దానంతటది తెలియదు కాబట్టి, పెన్ డ్రైవ్‌లు వచ్చాక వాటి డ్రైవర్ కూడా ముందే పెట్టాలి. టెంప్ ఫోల్డర్ ఖాళీ చేసి, స్కాన్‌డిస్క్, డీఫ్రాగ్ నడపాలి. అప్పుడు విండోస్‌ను పూర్తిగా దించి ఫ్లాపీతో లేవాలి, ఎందుకంటే నడుస్తున్న విండోస్ తన ఫైళ్లు కొన్నిటిని పట్టుకుని వదలదు. కస్టమరు చెయ్యి ఇంకా పడకూడదు. ఇంటర్నెట్ కనెక్షన్ సెట్ చేయవచ్చు గానీ ఒక్క సైటు కూడా తెరవకూడదు.

అన్నిటికన్నా పెద్ద నియమం: “సి డ్రైవ్ నాది, డి డ్రైవ్ మీది.” అన్న ఈ మాట ప్రతి కస్టమర్‌తోనూ అనేవాడు. ఇమేజ్ దించితే సి డ్రైవ్‌లో ఉన్నదంతా పోయి మాస్టర్ తీసిన రోజు తిరిగొస్తుంది. కూతురి పెళ్లి ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఉంటే అవీ పోతాయి, డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవ్‌లోనే కాబట్టి. అందుకని మాస్టర్ తీసే ముందే మై డాక్యుమెంట్స్‌ను డి డ్రైవ్‌కు మళ్లించేవాళ్లం. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాల పెట్టెనూ, టాలీ డేటానూ అక్కడికే తోలేవాళ్లం. ఆ మళ్లింపులన్నీ మాస్టర్‌లోనే ఉంటాయి కనుక ఎన్నిసార్లు దించినా డేటా జోలికి పోయేది కాదు. ఈ దేశంలో ఎంతోమంది తమ కంప్యూటర్‌లో సి, డి అని రెండు డ్రైవులుండటం ప్రకృతి ధర్మం అనుకుంటారు. ఆ అలవాటు వెనక మాలాంటి షాపుల కుర్రాళ్ల చేతి పని చాలానే ఉంది.

ఇమేజ్ ఫైలును కూడా డి డ్రైవ్‌లోనే దాచేవాళ్లం. దానికి వేరే శత్రువు ఉండేవాడు. ఖాళీ లేదని మెసేజ్ రాగానే ఇంట్లో చురుకైన పిల్లవాడొకడు డ్రైవ్ మొత్తం గాలించి, “ఇదేదో పెద్ద ఫైలు, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోవట్లేదు” అని తీసేసేవాడు. డాస్ కాబట్టి పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. ఆ ఎనిమిదిలోనే ‘డోంట్‌డెల్’ అని పేరు పెట్టి, ఫైలును హిడెన్ చేసి పెట్టడం మా షాపు ఆచారమైంది. తీయొద్దు అని రాసి ఉన్నందుకే తీసినవాళ్లూ ఉన్నారు.

డి డ్రైవ్‌లో దాచితే చాలదని 1999 ఏప్రిల్ 26, సోమవారం, లోకానికంతటికీ తెలిసొచ్చింది. తైవాన్‌లో చెన్ ఇంగ్ హావ్ అనే విద్యార్థి రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజు పేలింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కావడంతో దానికి ఆ పేరూ పడింది. అది హార్డ్ డిస్కు మొదట్లో ఒక ఎంబీ మేర ఉన్నదంతా చెరిపేసేది. పార్టిషన్ల పట్టిక ఉండేది అక్కడే. అది పోతే సి లేదు, డి లేదు, డి లోపల దాచిన ఇమేజ్ లేదు. కొన్ని రకాల బోర్డుల్లో బయోస్ చిప్‌నూ చెరిపేసేది, అప్పుడు సిస్టం ఆన్ చేస్తే ఫ్యాన్ తిరగడమే తప్ప తెర మీద చుక్క వెలుగు రాదు. అమెరికా కన్నా ఆసియా దేశాలకే ఎక్కువ దెబ్బ తగిలింది. యాంటీవైరస్ కొనేవాళ్లు తక్కువ, చేతులు మారే కాపీ సీడీలు ఎక్కువ అన్నది మా అందరికీ తెలిసిన కారణం. పార్క్ లేన్‌లో ఆ వారం ఆటోల్లో కేబినెట్లు దిగుతూనే ఉన్నాయి. బయోస్ పోయిన బోర్డులకు ఒక సాహసం చేసేవారు: అదే మోడల్ మంచి బోర్డును డాస్‌లో లేపి, కరెంటు ఉండగానే దాని చిప్ పీకి, చచ్చిన చిప్‌ను ఆ సాకెట్‌లో గుచ్చి, బయోస్ ఫైలును మళ్లీ రాయడం. చేతులు వణకని వాళ్లే చేసేవారు. మేం మాత్రం ఆ నెల నుంచి ఇమేజ్‌ను సీడీకి ఎక్కించడం మొదలుపెట్టాం. విండోస్, ఆఫీసు కలిపి కుదిస్తే ఒక్క సీడీలో ఇమిడేది. సీడీ మీద స్కెచ్ పెన్‌తో బోర్డు మోడలూ తేదీ రాసేవాళ్లం.

ఒక పక్కమాట. ఆ రోజుల్లో అసెంబుల్ చేసిన సిస్టంలో విండోస్ డబ్బు పెట్టి కొన్నవాణ్ని వేలెత్తి చూపించడం కష్టం. ఇమేజ్ దాన్నీ మోసుకుపోయేది. ఒకే కీ, ఒకే మాస్టర్, ఊరంతా అవే కాపీలు. దీన్ని కప్పిపుచ్చి ఈ పని చరిత్ర రాస్తే అది చరిత్ర అనిపించుకోదు. 2001లో ఎక్స్‌పీతో పాటు యాక్టివేషన్ రావడానికి కారణాల్లో మాలాంటి వీధులు లేకపోలేదు.

ఘోస్ట్‌కు స్వర్ణయుగం నెట్ సెంటర్లు. 2000 తర్వాత ప్రతి కూడలిలోనూ ఒకటి వెలిసింది. ప్లైవుడ్ గదులు, ఒక్కో గదికి ఒక కర్టెన్, గంటకింత రేటు. ఇంటర్, ఎంసెట్ ఫలితాల రోజు మెట్ల మీద దాకా క్యూ. ఆ రోజు రెండు సిస్టంలు పడుకున్నా ఓనర్‌కు గుండె ఆగినంత పని. అక్కడి పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేస్తూనే ఉంటారు కాబట్టి వారానికో సిస్టం పడుకునేది. తెలివైన ఓనరు ఒకే లాట్‌లో, ఒకే బోర్డుతో సిస్టంలన్నీ కొనేవాడు. అప్పుడు ఒకే మాస్టర్ అన్నిటికీ సరిపోతుంది. బేరం కుదిరినప్పుడల్లా ఒకటీ రెండూ కొని పోగేసినవాడికి ఇంటెల్ ఒకటి, వీఐఏ ఒకటి, సిస్ ఒకటి, ప్రతిదానికీ విడి మాస్టర్. ఇలాంటి లెక్క బోర్డు కొనే రోజునే చూసుకోవాలని నేను ఇప్పటికీ స్కూళ్ల వాళ్లకు చెబుతుంటాను. వింటారా అంటే, టెండర్‌లో తక్కువ రేటు వేసినవాడి మాట వింటారు.

అదే సమయంలో కెనడాకు చెందిన ఫరోనిక్స్ కంపెనీ డీప్ ఫ్రీజ్ కూడా ప్రచారంలోకి వచ్చింది. గడియారం పక్కన తెల్ల ఎలుగుబంటి బొమ్మ. దాన్ని వేస్తే, రోజంతా ఏం చేసినా రీస్టార్ట్ చేయగానే సిస్టం నిన్నటిలా లేచేది. ఘోస్ట్ ఫ్లాపీ కూడా అక్కర్లేదు. ఓనర్లకు వరం, కానీ మన కరెంటు సంగతి వేరే కదా. ఒక పిల్ల కూర్చుని గంటసేపు బయోడేటా టైపు చేసుకుని డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకుంటుంది, కరెంటు పోతుంది, వస్తుంది, సిస్టం మచ్చలేకుండా లేస్తుంది. బయోడేటా మాత్రం ఉండదు. నాకు ఆ ఎలుగుబంటి మీద ఎప్పుడూ ఇష్టం కలగలేదు.

డీటీపీ సెంటర్ల కథ వేరు. అక్కడ విండోస్ కన్నా ఫాంట్లు ముఖ్యం. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చినవి. కాబట్టి కీబోర్డు డ్రైవర్, ఫాంటు, పేజ్‌మేకర్ మూడూ సరిగ్గా కలిస్తేనే తెలుగు పడేది. ఒక్కటి తేడా వస్తే శుభలేఖ మీద వరుడి పేరు చోట గవ్వలూ నక్షత్రాలూ పడేవి. భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లు కొన్నిటికి వెనక ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ ఒకటి, దానికో డ్రైవర్. పైగా విండోస్ 98 వెయ్యి ఫాంట్ల దరిదాపులకు చేరితే మొరాయించేది, డీటీపీ వాళ్లేమో దొరికిన ప్రతి ఫాంటూ వేసుకునేవాళ్లు. అలాంటి సిస్టంను ఒకసారి కుదిరించాక దానికి ఇమేజ్ తీయకుండా లేచి రావడం నేరం. పెళ్లిళ్ల సీజన్‌లో ఏ డీటీపీ ఓనరూ ఇమేజ్‌కు డబ్బు ఇవ్వడానికి బేరమాడలేదు. మా పని విలువ ముందే తెలిసిన జాతి వాళ్లొక్కరే.

ఎక్స్‌పీ వచ్చాక ఆట మారింది. ఎన్‌టీ వంశపు విండోస్ తాను పుట్టిన బోర్డును గుర్తు పెట్టుకుంటుంది. ఒక బోర్డు మీద తీసిన ఇమేజ్‌ను వేరే చిప్‌సెట్ మీద దించితే నీలం తెర, దాని మీద సున్నాల వరస చివర 7బి. బూట్ చేయాల్సిన డిస్కు నాకు కనబడట్లేదు అని దానర్థం. మైక్రోసాఫ్ట్ దగ్గర దీనికి సిస్‌ప్రెప్ అనే పనిముట్టు ఉండేది. మాస్టర్‌ను మూసే ముందు అది నడిపితే, సిస్టం తన గుర్తింపు వదిలేసి, దించిన చోట మళ్లీ పుట్టినట్టు పేరూ కీ అడుగుతుంది. పెద్ద కంపెనీల వాళ్లు, అమీర్‌పేటలో బ్యాచ్ బ్యాచ్‌కీ ల్యాబు మార్చాల్సిన ఇన్‌స్టిట్యూట్ల వాళ్లు దాన్ని నేర్చుకున్నారు. ఎస్ఐడీ అనే గుర్తింపు సంఖ్య రెండు సిస్టంలకు ఒకటే ఉంటే నెట్‌వర్క్‌లో ప్రమాదమని అందరూ చెప్పుకునేవారు. దాన్ని మార్చడానికి మార్క్ రుసినోవిచ్ రాసిన న్యూఎస్ఐడీని మేం భక్తిగా నడిపేవాళ్లం. 2009లో ఆయనే ఆ ప్రోగ్రామ్‌ను ఉపసంహరించుకుని, ఆ భయానికి ఆధారం లేదని తేల్చి రాశాడు. అన్నేళ్ల పూజ గాల్లో కలిసింది.

మాస్టర్‌కు వయసు ఉంటుందని నేర్పింది మాత్రం 2003 ఆగస్టు. ఆ నెల 11న బ్లాస్టర్ పురుగు బయటపడింది. ఎవరూ ఏమీ తెరవక్కర్లేదు, సిస్టం నెట్‌కు తగిలి ఉంటే చాలు, అదే వచ్చి ఎక్కేది. తెర మీద ఒక పెట్టె, 60 సెకన్ల లెక్కింపు, ఆ తర్వాత రీస్టార్ట్. రన్‌లోకి వెళ్లి షట్‌డౌన్ మైనస్ ఏ అని కొడితే లెక్కింపు ఆగేది. ఫోన్లో ఆ మాట కస్టమర్లకు అక్షరం అక్షరంగా చెప్పీ చెప్పీ గొంతు పోయింది. అందరం చేసిన పని ఒకటే: జూన్‌లోనో మార్చిలోనో తీసిన శుభ్రమైన ఇమేజ్‌ను దించాం. దించి నెట్ కేబుల్ గుచ్చగానే మళ్లీ అదే పెట్టె, అదే 60. ఇమేజ్‌లో వైరస్ లేదు నిజమే. వైరస్ దూరే కన్నం మాత్రం ఉంది. మైక్రోసాఫ్ట్ ఆ కన్నానికి మాటు జులైలోనే ఇచ్చింది, మా మాస్టర్లు అంతకు ముందువి. అప్పట్నుంచి పద్ధతి మారింది. ఇమేజ్ దించు, కేబుల్ పీకి ఉంచు, ఫైర్‌వాల్ ఆన్ చెయ్యి, ప్యాచ్ సీడీ నుంచి వెయ్యి, కొత్త మాస్టర్ తియ్యి, అప్పుడు కేబుల్. మరుసటి ఆగస్టులో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చి, ఫైర్‌వాల్‌ను దానంతటదే ఆన్ అయ్యేలా చేశాకే ఊపిరి పీల్చుకున్నాం.

ఈలోగా బ్రాండెడ్ కంపెనీలు మా పనిని తమ పెట్టెలోనే పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. మొదట రికవరీ సీడీలు, తర్వాత సీడీ ఖర్చు కూడా మిగుల్చుకుని హార్డ్ డిస్కులోనే దాచిన పార్టిషన్. ఒకదానికి ఎఫ్11, ఒకదానికి ఎఫ్9, ఇంకోదానికి ఆల్ట్ ఎఫ్10. నొక్కితే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకు వెళ్లిపోతుంది. డెల్ వాళ్ల రీస్టోర్ వెనక పనిచేసింది కూడా సిమాంటెక్ సరుకే, అంటే మా పాత ఘోస్టే. దీంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఏది శుభ్రం అన్నది కంపెనీయే తేల్చేసింది. ముప్పై రోజుల యాంటీవైరస్, అరవై రోజుల ఆఫీసు, ఎవరూ అడగని టూల్‌బార్లు, అన్నీ ఫ్యాక్టరీ రోజులోనే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ను శుభ్రం చేయమని తెస్తే, రీస్టోర్ నొక్కి, ఆ తర్వాత ఒక గంట కూర్చుని దాని శుభ్రతను శుభ్రం చేయాల్సి వచ్చేది. హార్డ్ డిస్కు పోతే ఆ దాచిన పార్టిషన్ కూడా దాంతోనే పోయేదని వేరే చెప్పక్కర్లేదు.

2007లో విస్టా దుకాణాలకొచ్చింది. దాన్ని తిట్టనివాళ్లు లేరు. కానీ మా పని చరిత్రలో దానికి పెద్ద పీట వేయాలి. ఆ డీవీడీ తెరిచి చూస్తే ఇన్‌స్టాల్ డాట్ విమ్ అని ఒకే ఒక్క పెద్ద ఫైలు. విండోస్ వేయడమంటే ఇక వేల ఫైళ్లను ఒక్కొక్కటిగా పేర్చడం కాదు, మైక్రోసాఫ్ట్ ముందే సిద్ధం చేసి గుర్తింపు చెరిపి పెట్టిన ఇమేజ్‌ను డిస్కు మీద పరచడం. పార్క్ లేన్‌లో మానిటర్ తిప్పుకుని చేసిన పనినే మైక్రోసాఫ్ట్ అధికారిక పద్ధతి చేసుకుంది. విమ్ ఫైలు సెక్టార్లను కాకుండా ఫైళ్లను లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే ఫైలు ఎన్ని ఎడిషన్లలో ఉన్నా లోపల ఒక్కసారే ఉంటుంది. అలా ఒక్క డీవీడీలో హోమ్, బిజినెస్, అల్టిమేట్ అన్నీ ఇమిడాయి. ఆ ఇమేజ్ తీసే పనిముట్టు ఇమేజ్‌ఎక్స్. విండోస్ 7 తర్వాత మెల్లగా ఆ పని డిజమ్ చేతికి పోయింది.

ఘోస్ట్ మాత్రం అప్పటికే ముసలిదైంది. 2003 వెర్షన్ తర్వాత షాపుల్లో అమ్మిన నార్టన్ ఘోస్ట్ లోపల ఉన్నది పాత ఘోస్ట్ కాదు, సిమాంటెక్ కొన్న పవర్‌క్వెస్ట్ కంపెనీ వారి డ్రైవ్ ఇమేజ్. పేరే మిగిలింది. 2013 ఏప్రిల్‌లో ఆ పేరు అమ్మకం కూడా ఆపేశారు. తైవాన్ ప్రభుత్వ కంప్యూటింగ్ కేంద్రం నుంచి వచ్చిన క్లోనెజిల్లా ఉచితం కావడంతో మాలాంటివాళ్లం అటు మళ్లాం.

ఇంక నేను చెప్పాలని కూర్చున్న అసలు ఘట్టం. 2012 అక్టోబర్ 26న విండోస్ 8 వచ్చింది. స్టార్ట్ బటన్ ఏదని తిట్టేవాళ్లకు సమాధానం చెప్పడంలోనే అందరికీ ఏడాది గడిచింది. దాని అడుగున ఒక చిన్న కమాండ్ ఉందని చాలామంది గమనించలేదు: ఆర్, ఈ, సీ, ఐ, ఎమ్, జీ. మెనూలో లేదు, బటన్ లేదు. అడ్మినిస్ట్రేటర్‌గా నల్ల కిటికీ తెరిచి, ఆ ఆరక్షరాల పక్కన క్రియేట్‌ఇమేజ్ అని, ఫోల్డర్ పేరు కొట్టాలి. విండోస్ నడుస్తూ ఉండగానే, ఫ్లాపీ లేకుండా, సీడీ లేకుండా, అప్పటి సిస్టంను కస్టమ్‌రిఫ్రెష్ అనే విమ్ ఫైలుగా తీసి, ఇక ఇదే నా శుభ్రమైన రోజు అని గుర్తు పెట్టుకునేది. ఆ తర్వాత కస్టమర్ సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ నొక్కితే ఫ్యాక్టరీ రోజుకు కాకుండా మనం ఎంచిన రోజుకు వెళ్లేది. టాలీ, ఆఫీసు, ప్రింటర్ డ్రైవర్ ఇమేజ్ నుంచి వచ్చేవి. కస్టమర్ ఫొటోలు, డాక్యుమెంట్లు ఎక్కడివక్కడ ఉండేవి. సి నాది, డి నీది అనే పంపకమే అక్కర్లేకపోయింది. కస్టమ్ రికవరీ ఇమేజ్ అని ఇన్నేళ్లూ మేం దొంగచాటుగా చేసినదాన్ని విండోస్ తన ఇంటి పనిముట్టుగా మాకే ఇచ్చింది.

నేను కొత్త ల్యాప్‌టాప్ అమ్మిన ప్రతిసారీ, దాని ట్రయల్ చెత్తంతా తీసి, అప్‌డేట్లు వేసి, కావలసినవి వేసి, ఈ కమాండ్ కొట్టి ఇచ్చేవాణ్ని. ఆరు నెలల తర్వాత “సిస్టం తిక్కగా ఉందన్నా” అని ఫోన్ వస్తే, “రిఫ్రెష్ నొక్కి అన్నం తిని రండి” అనేవాణ్ని. ఒక సర్వీస్ చార్జీ పోయేది, నిజమే. ఆ కస్టమర్లు తర్వాతి ల్యాప్‌టాప్‌కు నా దగ్గరికే వచ్చారు.

2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. మొదటి వారమే ఆ ఆరక్షరాలు కొట్టి చూశాను. అలాంటి కమాండ్ లేదు పొమ్మంది.

మైక్రోసాఫ్ట్ కారణాలు మైక్రోసాఫ్ట్‌కు ఉన్నాయి, వాటిలో న్యాయం కూడా ఉంది. అప్పుడు 32 జీబీ స్టోరేజీతో చవక ట్యాబ్‌లు దిగుతున్నాయి. అందులో కొన్ని జీబీలు రికవరీ ఇమేజ్‌కే పోతే మిగిలేదేముంది? రెండోది మాకు బ్లాస్టర్ నేర్పిన పాఠమే: ఇమేజ్ ముసలిదవుతుంది, దించాక నెలల తరబడి అప్‌డేట్లు మళ్లీ వేయాలి. అందుకని విండోస్ 10 విడి ఇమేజ్ అక్కర్లేకుండా, తన దగ్గరున్న సిస్టం ఫైళ్లతోనే తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. వేసిన అప్‌డేట్లు చాలావరకు పోవు. 2020 మే నాటి వెర్షన్‌లో క్లౌడ్ నుంచి దించుకునే వీలూ పెట్టారు. బాగానే ఉంది. కానీ ఆ రీసెట్‌లో కస్టమర్ ఫైళ్లు ఉంచమన్నా టాలీ ఉండదు, ప్రింటర్ ఉండదు, తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఉండదు. శుభ్రం అంటే ఉత్త విండోస్ అని వాళ్లు తేల్చారు. డీటీపీ ఓనర్‌కు ఉత్త విండోస్‌తో పనేముంది? దాదాపు మూడేళ్లు చేతికిచ్చి లాక్కున్న ఆ హక్కును మళ్లీ ఇవ్వలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 నాటి సిస్టం ఇమేజ్ అనేది ఇంకా కనిపిస్తుంది. దాన్ని ఇక అభివృద్ధి చేయబోమని 2017లోనే ప్రకటించారు.

మా కొత్త కుర్రాడు ఇదంతా విని నవ్వుతాడు. “అన్నా, పెన్ డ్రైవ్ పెడితే ఎస్ఎస్‌డీ మీద విండోస్ పది నిమిషాల్లో ఎక్కుతుంది, ఇమేజ్ ఎందుకు?” విండోస్ పది నిమిషాలే. ఈ మధ్య ఒక ఆడిటర్ గారి ఆఫీసుకు వాణ్నే పంపాను. విండోస్ ఎక్కించి వాడు పొద్దున పదిన్నరకే ఫోన్ చేశాడు, అయిపోయిందని. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మూడు కంపెనీలది, ఒక్కో దానికి ఒక్కో డ్రైవర్. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టళ్లలో సంతకం పడటానికి వాటి విడి సాఫ్ట్‌వేర్లు. టాలీ లైసెన్స్. పాత చుక్కల ప్రింటర్, దాని కాగితం సైజు. స్కానర్. చీకటి పడ్డాక వచ్చాడు, నవ్వు లేదు.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు డిస్కును బిట్‌లాకర్‌తో తాళం వేసుకునే వస్తున్నాయి, అలాగే క్లోనెజిల్లాతో తీస్తే ఖాళీ చోటుతో సహా సెక్టార్ సెక్టార్‌గా డిస్కు మొత్తం తీస్తుంది. అందుకని ముందు రికవరీ కీ కాగితం మీద రాయించుకుని ఆయన బీరువాలో పెట్టించాను, తర్వాత తాళం తీశాం. అప్‌డేట్లు పూర్తయ్యాయి. టోకెన్ల డ్రైవర్లు ఉన్నాయి, టోకెన్లు పీకి ఉన్నాయి. బ్రౌజర్‌లో ఏ పార్టీ పాస్‌వర్డూ లేదు. టాలీ డేటా వేరే డ్రైవ్‌కు మళ్లించాం. ఆడిటర్ గారు గుమ్మంలో నిలబడి, క్లయింట్లు వచ్చి కూర్చున్నారు, ఒక్క రిటర్ను వేసుకుని ఇస్తాను, ఆ తర్వాత తీసుకోండి అన్నారు. కుర్రాడు నా వైపు చూశాడు. “ఒక అరగంట ఆగండి సార్” అని పెన్ డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ కొట్టాను.